ఎండ తగలని ఏడు సీసాలు

రెండూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ తన వాచీ చూసుకున్నాడు. డిటెక్టివ్ ఆయన మొహం చూసింది. వాచీ, మొహం రెండూ ఒకే మాట చెబుతున్నాయి: ఐదింటికల్లా ఈ కేసు నుంచి చేతులు కడిగేసుకోవాలి.

"ఐదింటికి మీవాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నాను మేడమ్. ఆ తర్వాత మీరు ఎన్ని మెట్లు ఎక్కి దిగినా నాకు అభ్యంతరం లేదు."

"మావాడు కాదండీ. ఈ అమ్మాయి మొగుడు," అంది డిటెక్టివ్.

ఆ అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తండ్రి పోయి ఇంకా ఒక రోజు పూర్తిగా గడవలేదు. భర్త లాకప్పులో ఉన్నాడు. ఎవరి కోసం ఏడవాలో తేల్చుకోలేక ఏడుపే మానేసినట్టుంది.

జరిగినదాంట్లో అందరూ ఒప్పుకున్న భాగం చిన్నదే. నిన్న సాయంత్రం ఏడూ పదికి ఈ బీరు ఫ్యాక్టరీ నేలమాళిగ మెట్ల కింద స్టోరు కీపరు శవం వాచ్‌మన్ కంటపడింది. తల వెనక దెబ్బ. ముప్పై ఒక్కేళ్ళు చీకటి గదిలో సీసాలకి కాపలా కాసినందుకు ఆయన్ని అందరూ చీకటయ్య అనేవారు. ఆరున్నరకి ఆయన అల్లుడు ఆ మెట్లు దిగడం, ఐదు నిమిషాల్లో పరుగెత్తుకుంటూ పైకి రావడం ఇద్దరు చూశారు. అతనిక్కడే లారీ డ్రైవరు. నిన్న పొద్దునే గేటు దగ్గర మామా అల్లుళ్ళు గట్టిగా అరుచుకోవడం ఇరవైమంది విన్నారు. ఇన్‌స్పెక్టర్‌కి ఇంతకంటే అక్కర్లేకపోయింది.

"డాక్టరు ఏమన్నాడు?" అంది డిటెక్టివ్.

"స్టోరు ఐసుపెట్టెలా ఉంటుంది, అందుకని టైము కచ్చితంగా చెప్పలేనన్నాడు. మూడుకీ ఏడుకీ మధ్యట. లోపల మెల్లగా నెత్తురు కారింది, దెబ్బ తగిలిన వెంటనే పోలేదట. మధ్యలో ఆరున్నర మాకు నప్పింది."

"చొక్కా కొలత తీసుకుని మనిషిని వెతికినట్టుంది."

"మీ ఇంట్లో వంట అయిపోయిందా మేడమ్, ఇలా వచ్చారు?"

"అయింది. మీరు వండింది మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే వచ్చాను."

భర్త పోయాక ఆయన డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు తీయించడానికి పెయింటరు దొరకలేదనీ, అంతవరకూ ఖాళీగా ఉండటమెందుకని తనే నడుపుతున్నాననీ ఆమె అందరికీ చెబుతుంది. పెయింటరు దొరక్క ఇది పదకొండో ఏడు.

ముగ్గురూ ముందు మాస్టరు గదికి వెళ్ళారు.

మాస్టరంటే బీరు కాచే పెద్ద. ఏ విడత బయటికి వెళ్ళాలో, ఏది కాలవలోకి పోవాలో ఆయన ముక్కు తేలుస్తుంది. తెల్లకోటు, పొడుగాటి మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కనే బల్ల మీద విద్యుత్ పొయ్యి, దాని అంచుకి ఆనుకుని కెటిల్ తీగ. తీగ మీది రబ్బరు మాడుతోంది. పదిమందికి వండి వార్చిన ఆడమనిషికి మాడు వాసన గది బయటే తెలిసిపోతుంది. డిటెక్టివ్ పలకరింపు కూడా మానేసి తిన్నగా వెళ్ళి ప్లగ్గు పీకింది.

"అరె, చూసుకోలేదండీ," అన్నాడు మాస్టరు, ఆ తీగ వంక చూశాక.

"నిన్న మధ్యాహ్నం నుంచీ మీరెక్కడెక్కడ ఉన్నారో చెప్పండి."

"భోజనం రెండింటికి. మూడున్నర నుంచి నాలుగున్నర దాకా ఇక్కడే, నమూనాలు వాసన చూస్తూ. ఆ గంటసేపూ తలుపుకి ఎర్ర పలక వేలాడుతుంది. యజమాని కూడా తట్టడు. తర్వాత ఏడింటిదాకా బాయిలర్ దగ్గర పదిమంది మధ్యలో ఉన్నాను."

"ఆ గంటసేపు ఒక్కరేనా?"

"ముక్కుకి తోడెందుకండీ?"

"చీకటయ్యగారితో మీకు ఎలా ఉండేది?"

"ఇరవై ఏళ్ళండీ. అన్నదమ్ముల్లా ఉన్నాం."

"అన్నదమ్ములంటేనే భయమండీ. కోర్టులు సగం వాళ్ళతోనే నిండుంటాయి," అంది డిటెక్టివ్.

మాట్లాడుతూనే గోడ చూసింది. రెండు ఫోటో ఫ్రేములు ఇత్తడి కొక్కేలకి వేలాడుతున్నాయి. మూడోది కుర్చీలో కూర్చుని ఉంది. ఉత్తమ ఆఘ్రాణ నిపుణుడని మాస్టరుకి ఇచ్చిన ప్రశంసాపత్రం అది. అది వేలాడిన చోట గోడలో చిన్న చిల్లు.

"పెద్దమనిషిని కిందికి దించారేం?"

"సున్నం వేయిద్దామని."

మిగతా రెండిటికీ సున్నం అక్కర్లేదేమో అనుకుంది డిటెక్టివ్.

నేలమాళిగ మెట్ల దగ్గర ఒక వెదురు బుట్ట ఉంది. దిగేవాళ్ళు ఫోన్లు, టార్చీలు, అగ్గిపెట్టెలు అందులో పెట్టి దిగాలి. ఇన్‌స్పెక్టర్ టార్చి వెలిగించుకుని రెండు మెట్లు దిగాడో లేదో, అంతసేపూ నోరు విప్పని ఆ అమ్మాయి కయ్యిమంది.

"లైటు ఆర్పండి!"

ఇన్‌స్పెక్టర్ బిత్తరపోయి ఆర్పేశాడు. ఆ తర్వాత, ఆర్పినందుకు కోపం తెచ్చుకున్నాడు. "ఇది హత్య జరిగిన చోటమ్మా. పెళ్ళివారి భోజనాల గది కాదు."

"మా నాన్న ఉన్నా అదే అనేవాడు. అందులో పెట్టండి."

టార్చి, ఫోను బుట్టలోకి వెళ్ళాయి. డిటెక్టివ్ తన ఫోను దాని మీద పెట్టింది. "చూశారా ఆంటీ..." అని ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది.

"ఆంటీ అనకమ్మా. అడగకుండానే వయసు ఒప్పుకున్నట్టుంటుంది. అక్కా అను. ఇంతకీ నిన్న పొద్దున ఆ గొడవ దేనికి?"

"ఆయన మంచికే అక్కా. చీకట్లో కూర్చుని కళ్ళు పాడుచేసుకుంటున్నావు, ఇక మానెయ్ మామయ్యా, మాతో వచ్చి ఉండు అని రోజూ గొడవే. నాన్న సరేనన్నాడు, ఒకటో తారీకు నుంచి మానేస్తానన్నాడు. 'ఇవాళే మానెయ్' అని ఈయన. 'యజమానికి ఒక మాట చెప్పి వెళ్ళాలిరా, చెప్పకుండా వెళితే పాపం' అని నాన్న. మాటా మాటా పెరిగింది. నీ అంతు చూస్తానన్నాడట ఈయన. నా మీద కూడా నెలకి నాలుగుసార్లు అంటాడు. ఎప్పుడూ చూడలేదు."

"ఏమిటా ఒక మాట?"

"చెప్పలేదు. 'ఒకడి అన్నం మీద మట్టి కొట్టే మాట, అందుకే ఎనిమిది నెలలు మింగాను' అన్నాడు."

కింద గది పొడుగ్గా, చల్లగా ఉంది. ఒక్క ఎర్ర బల్బు. ఆ వెలుగులో ముగ్గురి మొహాలూ ఒకే మనిషివిలా ఉన్నాయి. ఐదు ఇనప ర్యాకులు, వాటి నిండా సీసాలు. గాజు పూర్తిగా తెల్లది.

"ఇంత చీకటి దేనికమ్మా?" అంది డిటెక్టివ్. ఆమె జీవితంలో బీరు ముట్టలేదు. ముట్టిన మనిషితో కాపురం చేసిందంతే.

"బీరులో హాప్స్ అని చేదుపువ్వు వేస్తారక్కా. వెలుతురు తగిలితే ఆ చేదు విరిగిపోతుంది. ముదురు గోధుమరంగు సీసా అయితే గొడుగు పట్టినట్టే. మా యజమానికి బంగారం రంగు బయటికి కనపడాలి, అందుకని తెల్ల సీసా. దీనికి గొడుగు లేదు. ఎండలో ఐదు నిమిషాలు చాలు. ఎండదెబ్బ అంటాం మేము. కాలిన రబ్బరు, కుళ్ళిన ఉల్లిపాయ కలిపి నూరినట్టు కంపు కొడుతుంది. మళ్ళీ చీకట్లో పెట్టినా బాగుపడదు. ఎర్ర దీపం మాత్రం ఏం చెయ్యదు."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"బడి అయిపోయాక ఇక్కడే కూర్చునేదాన్ని. నాన్న నా ముక్కుకి పాఠాలు చెప్పేవాడు. లెక్కలు మాత్రం రాలేదు."

గదికి పడమటి గోడలో, పై కప్పుకి దగ్గరగా ఒకే ఒక్క కిటికీ. బీరు పొంగే చోట గాలి ఆడకపోతే మనిషి పోతాడని దాన్ని మూయించలేదట. దాని మీద రెండు మడతల నల్ల తెర, నేలకి మూరెడు ఎత్తుదాకా. తెర పైన నాలుగు కొక్కేలు.

డిటెక్టివ్ స్టూలెక్కి మొహం దగ్గర పెట్టి చూసింది. మూడు కొక్కేలు తుప్పుపట్టిన ఇనపవి. నాలుగోది ఇత్తడిది. దాని పక్కనే గోడ పెచ్చు ఊడి గుంట పడింది. ఆ మూల తెర చిరిగింది. చిరుగు కనపడకుండా మడిచి కొక్కేనికి తగిలించారు.

"ఈ తెర ఎప్పుడైనా ఊడిందా?"

"మా నాన్న బతికుండగానా?" అంది ఆ అమ్మాయి.

"ఊడిందే అనుకో. ఎండ ఎక్కడ పడుతుంది?"

"మధ్యాహ్నం మూడూ నలభై నుంచి ఓ అరగంట, మూడో ర్యాకు కింది రెండు అరల మీద. ఆ తర్వాత సూర్యుడు పక్క గోడౌను వెనక్కి పోతాడు."

"పడిందో లేదో ఆ సీసాలు చెబుతాయా?"

"ముక్కుకి చెబుతాయి."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. "మూడయింది. మేడమ్‌గారు ఇప్పుడు సీసాలతో సోది చెప్పిస్తారన్నమాట."

"మీరు చెప్పించినదానికంటే నయం. వీటికి లాఠీ అక్కర్లేదు."

ముందు తక్కిన నాలుగు ర్యాకుల నుంచి ఒక్కో సీసా. ఆ అమ్మాయి మూత తీసి, ముక్కు దగ్గర పెట్టి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పక్కన పెట్టింది. నాలుగూ మంచివే. తర్వాత మూడో ర్యాకు కింది అర, ఎడమ చివర మొదటి సీసా. మూత తీయగానే ఆమె మెడ వెనక్కి వెళ్ళింది.

"ఎండదెబ్బ. ఎవరక్కా? ఇక్కడ ఎండ ఎవరు రానిచ్చారు?"

"అదే వీటిని అడుగుతున్నాం. అన్నీ తియ్యి."

అరకి పద్దెనిమిది సీసాలు. మంచిదానికి సున్నా, చెడ్డదానికి ఇంటూ. డిటెక్టివ్ సుద్దముక్కతో సీసా ఉన్నచోటే అర అంచు మీద గుర్తు పెడుతూ పోయింది. మొదటి ఆరూ ఇంటూలే. ఏడోది తీసి ఆ అమ్మాయి రెండుసార్లు వాసన చూసింది.

"ఇది బాగుంది."

ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు కూడా బాగున్నాయి. పన్నెండు నుంచి చివరిదాకా మళ్ళీ కంపు. పై అరలో ఎనిమిది దాకా ఇంటూలు. తొమ్మిది, పది మంచివి. పదకొండో సీసా దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది.

"ఇది అటూ ఇటూ కాదక్కా. సగం దెబ్బ. కొంచెంసేపే ఎండ తగిలినట్టుంది."

డిటెక్టివ్ సున్నాలో ఇంటూ పెట్టింది. మిగిలినవన్నీ ఇంటూలే.

గదంతా ఉల్లిపాయల గోడౌనులా తయారైంది. ఇన్‌స్పెక్టర్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. డిటెక్టివ్ నాలుగడుగులు వెనక్కి వేసి ఆ సుద్దగుర్తుల్ని చూసింది. కింద ఐదు సున్నాలు వరసగా. వాటి మీద, ఇంచుమించు నడిమధ్యన, రెండు.

ఆమె ఏదో అనేలోపే ఆ అమ్మాయి నేల మీద కూలబడింది.

"నాన్న," అంది. "నాన్న ఇక్కడ కూర్చున్నాడు. అవి భుజాలు. ఇది తల."

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ గుర్తుల్ని చూసి, మళ్ళీ నడుం ఎత్తాడు.

"కూర్చుంటే కూర్చున్నాడు. ఆయన స్టోరు, ఆయనిష్టం. ఏ నెలలోనో కిటికీ తీసుకుని ఎండ కాగి ఉంటాడు."

"ఆయనా?" ఆ అమ్మాయి తలెత్తింది. "మా పెళ్ళిలో ఫోటో ఫ్లాష్ పడుతుందని ఎవరి చేతిలోదో సీసా లాక్కుని చొక్కాలో దాచాడండీ మా నాన్న. ఆ ఫోటోలో ఇప్పటికీ పొట్ట ఎత్తుగా కనపడుతుంది."

"నెలల మాటా కాదు," అని డిటెక్టివ్ ర్యాకుకి తగిలించిన అట్టముక్క తిప్పి చూపించింది. చీకటయ్య చేతిరాత. ఈ విడత సీసాలు పెట్టెల్లోంచి ర్యాకు ఎక్కింది నిన్న ఒంటిగంటకి. "వీటికి తగిలే వీలున్నది ఒక్క రోజు ఎండే. నిన్నటిది. ఇప్పుడు టైమెంత?"

"మూడూ నలభై ఒకటి."

"కింది రెండరల సీసాలూ దించేశాం కదా. అమ్మా, తెర తియ్యి."

ఆ అమ్మాయి చెయ్యి తెర దాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ చెప్పించుకుంది. తెర తొలగగానే ఎండ గదిలోకి ఏటవాలుగా దిగి, మూడో ర్యాకు కింది రెండరల మీద, చివరి ఇంటూ దగ్గరి నుంచి మొదటి ఇంటూ దాకా, కొలిచినట్టు పడింది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మీ ఎత్తూ ఆయన ఎత్తూ ఒకటేనట. ఒక్కసారి ర్యాకుకి ఆనుకుని కూర్చోండి."

"నేనా?"

"నేను కూర్చుంటే పన్నెండో సీసా కూడా బతికేది."

గొణుగుతూనే ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. ఆయన భుజాల నీడ ఐదు సున్నాల మీద పరుచుకుంది. తల నీడ పై అరలో తొమ్మిది, పది, పదకొండు గుర్తుల మీద పడింది. విసుగొచ్చి ఆయన మెడ కుడికి వాల్చాడు. నీడ పదకొండో గుర్తుని వదిలేసింది. డిటెక్టివ్ అది చూసింది. చూసి, సుద్దముక్కని గట్టిగా గుప్పిట్లో మూసుకుంది.

"లేవండి, చాలు. నిన్న ఈ టైముకి తెర ఊడింది. చీకటయ్యగారు లేవలేని స్థితిలో ఇక్కడ కూర్చుని ఉన్నారు. లేవగలిగితే ఆయన మొదట తెర వేసేవారు. తర్వాత ఎవరో తెర వేసి, ఆయన్ని మెట్ల కిందికి ఈడ్చారు, కాలు జారినట్టు కనపడాలని. ఆరున్నరకి అల్లుడు దిగి చూసింది చల్లబడ్డ మనిషిని. పొద్దున అన్న మాట గుర్తొచ్చి పరుగెత్తాడు. తెలివితక్కువ పనే. దానికి ఉరి వెయ్యరు."

"అల్లుడే నాలుగింటికి వచ్చి ఉండచ్చుగా?"

"రెండున్నరకి లారీ తీశాడు. నలభై మైళ్ళ దూరంలో కాటా మీద లారీ తూకం వేయించిన చీటీ ఉంది, మూడూ యాభై ఐదుకి. చీటీ మీ ఫైల్లోనే ఉంది. నాలుగో కాయితం. ఆరున్నర నప్పింది కదా, మీరు నాలుగో కాయితం దాకా వెళ్ళి ఉండరు."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచాడు. మూసేశాడు. బట్టల దుమ్ము దులుపుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మాత్రం పోలీసు ప్రశ్నే.

"చంపినవాడు పారిపోకుండా తెరెందుకు బాగుచేశాడు మేడమ్?"

జవాబు కోసం ఆమె చుట్టూ చూసింది. వాళ్ళు మాట్లాడుకుంటున్నంతసేపట్లో ఆ అమ్మాయి లేచి, తెర మళ్ళీ వేసేసి, అంచులు సర్దుతోంది. బుగ్గల మీద తడి ఉంది, వేళ్ళు మాత్రం వాటి పని అవి చేస్తున్నాయి.

"అదిగో, అందుకు. తండ్రి చివరి గుర్తు ఎదురుగా ఉన్నా చెయ్యి తెర మీదికే పోయింది. బయటివాడికి ఆ గుణం ఉండదు. అమ్మా, ఈ తెర ముట్టుకునే హక్కు ఎవరెవరికి?"

"నాన్నకి." ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. "మాస్టరుగారికి."

డిటెక్టివ్ పది నిమిషాలు పైకి వెళ్ళి, చేత్తో గుడ్డకప్పిన పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మాస్టరుకి కబురు పంపాడు. నాలుగూ ఇరవై ఐదుకి మాస్టరు మెట్లు దిగాడు. సుద్దగుర్తులు చూశాడు. వాటి అర్థం తెలిసినట్టు లేదు. పళ్ళెంలో మూడు గ్లాసులున్నాయి.

"మీలాంటి ముక్కు ఒకటి కావలసొచ్చిందండీ. ఈ మూడూ ఎలా ఉన్నాయో చెప్పండి."

మాస్టరు మొదటి గ్లాసు ఎత్తి, మెల్లగా తిప్పి, ముక్కు లోపలిదాకా పెట్టి, కళ్ళు మూశాడు. పూజారి హారతి అద్దుకున్నంత శ్రద్ధగా ఉంది ఆ పని.

"బాగుంది."

రెండోది. "ఇదీ బాగుంది."

మూడో గ్లాసు ఎత్తగానే ఇన్‌స్పెక్టర్‌కి దగ్గొచ్చింది. డిటెక్టివ్ మడమతో ఆయన కాలు తొక్కింది. దగ్గు ఆగిపోయింది. మాస్టరు ఈసారి ఇంకా ఎక్కువసేపు వాసన చూశాడు.

"ఈ మూడిట్లో ఇదే మేలు. హాప్స్ బాగా పలికాయి. చివర్లో పళ్ళ వాసన కూడా ఉంది." అని గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళాడు.

డిటెక్టివ్ ఆయన మణికట్టు పట్టుకుంది.

"తాగకండి. సగం లారీ డీజిలు."

ఎర్ర వెలుగులో మాస్టరు మొహం రంగు మారిందో లేదో తెలియలేదు. గ్లాసు మాత్రం తిరిగి పళ్ళెంలోకి చేరింది.

"మొదటిది ఎండదెబ్బ తగిలింది. రెండోది మంచిది. మూడోది డీజిలు. ఇందాక మీ చెయ్యి పక్కన రబ్బరు మాడుతున్నా మీకు తెలియలేదు. ఎన్నాళ్ళయింది మాస్టరుగారూ? ఎనిమిది నెలలా?"

"జ్వరం వచ్చింది," అన్నాడు ఆయన. అది జవాబో కాదో ఆయనకే తెలియనట్టుంది. "తగ్గింది. ఇది మాత్రం తిరిగి రాలేదు."

"ఎర్ర పలక వేలాడిన ఆ గంటలో మీ నమూనాలు రోజూ ఈ గదిలోకి దిగేవి. చీకటయ్యగారు వాసన చూసి చెబితే, మీరు పైకెళ్ళి రాసేవారు. ఆయన ఒకటో తారీకు నుంచి మానేస్తున్నారు. వెళ్ళేముందు యజమానికి ఒక మాట చెప్పాలనుకున్నారు."

"ముక్కు పోయినవాడల్లా హంతకుడేనా?" గొంతు పెంచాడు మాస్టరు.

"కాదు. కానీ మీ ప్రశంసాపత్రం కొక్కెం మీ గోడకి లేదు. ఇక్కడుంది." ఆమె తెర పైకి వేలు చూపించింది. ఇత్తడి, ఎర్ర దీపంలో కూడా ఇత్తడిలాగే మెరుస్తోంది.

మాస్టరు ఆ వైపు చూడలేదు. అక్కడే ఉన్న ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు.

"తోశానంతే. వద్దన్నా, వినలేదు. నీకు మనవలున్నారు, నాకీ ముక్కే ఉందయ్యా అని చెప్పా. నువ్వు ఏ విడతైనా తప్పు రాస్తే జనం తాగుతారు, అది నా మెడకి చుట్టుకుంటుంది అన్నాడు. తోశాను. పడబోతూ తెర పట్టుకున్నాడు, ఊడొచ్చింది. తల ర్యాకు మూలకి తగిలింది."

ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఎవరూ అనుకోనిది. గొంతు పొడిగా ఉంది. తండ్రి స్టోరులో సరుకు గురించి అడిగినట్టే అడిగింది.

"చెడిపోయినవాటిని ఎందుకు తీసెయ్యలేదు? తీసేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదుగా."

"ఏవి చెడ్డాయో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు మాస్టరు.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూశాడు. నాలుగూ నలభై. ఫోను బుట్టలో ఉంది. రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు. కాసేపటికి ఆయన అరుపు కిందిదాకా వినిపించింది: "ఆ అబ్బాయిని జీపు ఎక్కించకండి! ఎక్కిస్తే దించండి!"

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత డిటెక్టివ్ చేతిలో సుద్దముక్క చూసింది.

"అక్కా, ఆ పదకొండో సీసా గురించి నువ్వు ఏమీ చెప్పలేదు."

"చెప్పాలా?"

"చెప్పు."

డిటెక్టివ్ మాస్టరు వైపు తిరిగింది. ఆమె గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు.

"కొక్కెం కోసం మీ గదికి వెళ్ళి, ఫ్రేము దించి, పీకి, మళ్ళీ దిగి, దిగ్గొట్టేసరికి పావుగంట పట్టి ఉంటుంది. పదకొండో సీసాకి సగం ఎండే తగిలింది. అంటే మొదట్లో ఆయన తల దానికి అడ్డంగా నిటారుగా ఉంది. తర్వాత కుడికి వాలింది. ఎత్తి పట్టుకున్న తల అది. మీరు పైకెళ్ళేటప్పుడు ఆయన బతికే ఉన్నారు."

డిటెక్టివ్ మెట్ల వైపు వేలు చూపించింది.

"మెట్ల పైన బుట్ట ఉంది. నిన్న అందులో మీ ఫోను ఉంది. దాని పక్కనుంచి వెళ్ళారు, మళ్ళీ దాని పక్కనుంచే వచ్చారు. డాక్టరుకి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. మీరు కొక్కెం తెచ్చారు."

మాస్టరు తలెత్తి ఆ అమ్మాయినే చూశాడు. ఆ గదిలో తన మాట అర్థమయ్యేది ఆమెకొక్కదానికే అన్నట్టు.

"సీసాల మీద ఎండ పడుతోందమ్మా," అన్నాడు.

ఆమెకి అర్థమైంది.